శాలువా కొనే ముందు

విజయనగరం

చిరంజీవి బాబుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. చవితి పందిరి ఖర్చులో మిగిలిన డబ్బుతో ఈసారి డీజే పెట్టకుండా, పిల్లల్నీ దిక్కులేని కుటుంబాల్నీ కాపాడేవాళ్లకి సన్మానం చేద్దామనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి ఆలోచన. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైనదాన్ని కదా, ఎవరిని పిలవాలో లిస్టు రాసిమ్మన్నావట. లిస్టు ఇప్పుడే ఇవ్వను. ఎలా వెతుక్కోవాలో, ఏం చేయకూడదో రాస్తాను. ఫోన్ పక్కనపెట్టి చదువు.

ముందు ఒక చిక్కు చెప్తాను. చెరువులో పడ్డవాణ్ణి లాగిన కుర్రాడికి సన్మానం చేస్తే మైకులో కథంతా చెప్పొచ్చు, చప్పట్లు కొట్టించొచ్చు. ఈ పనిలో చప్పట్లు పడే కథలే చెప్పకూడనివి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం రక్షణ అవసరమైన పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమూ పేపర్లో గానీ ఇంకే మీడియాలో గానీ రాకూడదు. రాస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. లైంగిక వేధింపు కేసయితే పోక్సో చట్టం కూడా ఇదే మాట చెప్తుంది. మొహం బ్లర్ చేశాం కదా అంటారు మీ గ్రూపులో. కింద ‘మన కోనేటి వీధి బాలిక’ అని రాశాక ఆ బ్లర్ దేనికి? కాబట్టి కాపాడిన పిల్లని స్టేజీ ఎక్కించి, కాపాడినావిడకి ఆ పిల్ల చేత దండ వేయించాలన్న ఆలోచన ఎవడికైనా ఉంటే మొదటి మీటింగులోనే తుంచెయ్యి. విలేకరికి కూడా ముందే చెప్పు, వచ్చాక కాదు.

పిల్లకే కాదు, కాపాడినావిడకీ చిక్కే. బాల్యవివాహం ఆపించినావిడ మర్నాడు ఆ వీధి కుళాయి దగ్గరికే బిందె పట్టుకుని వెళ్లాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినవాళ్ల పేరు బయటపెట్టరు, జనం ధైర్యంగా ఫోన్ చేసేది అందుకే. ‘మన ఊళ్లో ఫలానా పెళ్లి ఆపిన ధీరవనిత’ అని మీరు ఫ్లెక్సీ కట్టారనుకో, ఆ ఊళ్లో ఇంకెవరూ ఆ నంబరు నొక్కరు. అందుకని పేరు ఖాయం చేసే ముందు ఆ మనిషి దగ్గరికి నువ్వే వెళ్లి అడుగు. ఒద్దంటే బతిమాలకు. ‘నాకేటి సన్మానం బాబూ, ఆ పూట సెంటర్ ఎవులు సూత్తారు’ అన్నారంటే చాలాసార్లు దాని వెనక మాట ‘నాకు భయం’ అని.

మరి కేసు చెప్పకుండా ఏం చెప్తాం అంటావు. పని చేసే తీరు చెప్పండి. నా సెక్టార్లో ఒక అంగన్‌వాడీ టీచర్ ఉండేది. మాఘమాసం దగ్గర పడుతోందంటే క్యాలెండర్లో ముహూర్తాలు చూసుకుని, బడి మానేసిన ఆడపిల్లల పేర్లు రిజిస్టర్ వెనక పేజీలో పెన్సిల్‌తో రాసుకునేది. ఏ ఇంటికైనా వేళ కాని వేళ సున్నాలు వేస్తున్నారంటే ఆ సాయంత్రం ఊరికే వచ్చినట్టు వెళ్లి, వంటింట్లో తల్లి పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మాట కలిపేది. చట్టం ఊసు ఎత్తేది కాదు. ‘వంటోళ్లకి అడ్వాన్స్ ఇచ్చేసారేటి అప్పా?’ అని అడిగేది. ఇంకా ఇవ్వలేదంటే ఆవిడ మొహంలో వెలుగు వచ్చేది. ఎందుకంటే విస్తళ్లు వేశాక పోలీసులతో వెళ్లి ఆపితే ఆ ఇంటి పరువు పోతుంది, ఆ కోపం చివరికి పిల్ల మీదే తీరుతుంది. అడ్వాన్స్ ఇవ్వకముందు ఆపితే ఊళ్లో ఎవరికీ తెలియదు, అబ్బాయి తరఫువాళ్లకి ‘జాతకం కుదరలేదు’ అని చెప్పుకుంటారు. కాకపోతే అలా ఆగిన పెళ్లి మా నెలవారీ రిపోర్టులో ఏ కాలమ్‌లోకీ ఎక్కదు. పోలీసులతో ఆపినవే ఎక్కుతాయి. నీకు అర్థమయిందా, ఆఫీసుకెళ్లి లిస్టు అడిగితే ఎవరు రారో?

అందుకే ‘ఎంతమందిని కాపాడారు’ అని అడగకు. ‘మీకు ముందుగా ఎలా తెలుస్తుంది’ అని అడుగు. పని చేసేవాళ్లు ఆ ప్రశ్నకి గంట మాట్లాడతారు. చేయనివాళ్లు పథకాల పేర్లు చెప్తారు.

అసలు పని చేసినవాళ్ల పేరు లిస్టులో లేకపోవడం కొత్త సంగతేం కాదు. ఆనందగజపతి మహారాజావారు అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్లు, అంటే డబ్బు తీసుకుని పిల్లనిచ్చినవి, లెక్క రాయిస్తే 1,034 తేలాయి. అందులో 99 మంది ఐదేళ్ల పిల్లలు. గురజాడవారు 1897లో కన్యాశుల్కం మొదటి ముద్రణ ముందుమాటలో ఈ లెక్క ఇచ్చారు. రాజుగారి పేరు తెలుసు, గురజాడ పేరు తెలుసు. ఊరూరా తిరిగి, తిట్లు తిని ఉంటారు కూడా, ఆ వయసులు రాసుకొచ్చిన మనుషులెవరో మనలో ఎవరికి తెలుసు?

ఇక ఎక్కడ వెతకాలి. అంగన్‌వాడీ టీచర్ని అందరూ పిలుస్తారు, ఆయాని పిలవరు. మూడు రోజులుగా ఏ గుంట రాలేదో ముందు తెలిసేది ఆయాకే, పిల్లల్ని ఇంటి నుంచి తెచ్చేది ఆవిడ కాబట్టి. పలాస, విజయనగరం స్టేషన్లలో రైలు దిగి బిక్కమొహం వేసుకుని కూర్చున్న పిల్లల్ని పట్టుకునేవాళ్లని అడుగు. పిల్లాడు దొరికితే ప్రయాణం పోగా 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి. అర్ధరాత్రి దొరికితే ఆ రాత్రంతా ఎవరో ఒకరు వాడితో కూర్చోవాలి, అన్నం పెట్టాలి, పారిపోకుండా చూడాలి, కొట్టకుండా చూడాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో చాలామంది కాంట్రాక్టువాళ్లే. ఆ రాత్రి ఎవరు కూర్చున్నారో కలెక్టరాఫీసులో కన్నా స్టేషన్ టీ కొట్టువాడికి బాగా తెలుస్తుంది.

కాగితం పని చేసేవాళ్లని మర్చిపోకు. తండ్రి పోయిన పిల్లలకి మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకంలో నెలకి 4,000 రూపాయలు వస్తాయి. కుటుంబం ఆదాయం పల్లెలో ఏడాదికి 72,000, పట్నంలో 96,000 దాటకూడదు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మగదిక్కు పోయిన ఇళ్లెన్నో నీకు నేను చెప్పాలా? ఆ తల్లికి మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, బ్యాంకు ఖాతా ఇవన్నీ తిప్పించి ఫారం నింపిచ్చిన మనిషి సచివాలయంలో ఉండొచ్చు, బళ్లో మాస్టారు కావచ్చు. పిల్ల హాస్టల్ పాలవకుండా ఇంట్లో ఉండగలిగిందంటే ఆ ఫారం వల్లే. ఆ వీధిలో అడుగు, ‘మీ కాగితాలు ఎవరు చేసిపెట్టారు’ అని.

ఇంకొకరు. కొడుకు కోడలు చెన్నైకో హైదరాబాద్‌కో పనికెళ్తే, అల్లుడు వేట కోసం గుజరాత్ వెరావల్ వెళ్తే, మనవల్ని పెట్టుకుని ఉన్న అమ్మమ్మలు, నాయనమ్మలు. వాళ్లెవరికీ హోదా లేదు, ఐడీ కార్డు లేదు. ఒక్క కుర్చీ అలాంటావిడకి వెయ్యండి. పిల్లల్ని వెంట తేవద్దని చెప్పండి, లేకపోతే ఫొటోలు మొదలవుతాయి.

రోజు సంగతి. మార్చి 8 వద్దు. ఆ రోజు వీళ్లని ఏదో మీటింగుకి కుర్చీలు నింపడానికి తీసుకెళ్తారు. నెలాఖరూ వద్దు, రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ యాప్ పనితో టెన్షన్లో ఉంటారు. ఆదివారం సాయంత్రం పెట్టి చీకటి పడకముందే వదిలెయ్యండి, ఆటోకి రానూ పోనూ డబ్బులు మీరే ఇవ్వండి. నాయకుల ప్రసంగాలు రెండు గంటలు, సన్మానం ఐదు నిమిషాలు అయ్యేట్టుంటే అసలు పెట్టకండి.

శాలువా కప్పండి, కాదనను. కానీ అంగన్‌వాడీవాళ్లకి శాలువాలంటే కొంచెం చేదు. 2023 డిసెంబరులో జీతాల కోసం సమ్మె మొదలుపెట్టి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు, మధ్యలో వాళ్ల మీద సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. అందుకని గాజు మెమెంటోకి పెట్టే డబ్బు ఇంకోదానికి పెట్టు. ప్రతి ఒక్కరి పేరా ఒక ఉత్తరం రాయించు. ఏ ఊళ్లో, ఎన్నాళ్లుగా, ఏ పని ఎలా చేస్తున్నారో ఒక పేజీ, పిల్లల వివరాలు లేకుండా. ఊరి పెద్దలు, హెడ్మాస్టారు సంతకాలు పెట్టాలి. ఒక కాపీ ఆవిడకి, ఒక కాపీ వాళ్ల పై అధికారి సీడీపీఓ ఆఫీసుకి రిజిస్టర్ పోస్టులో. ఈ పని చేసేవాళ్ల మీద ఆకాశరామన్న ఉత్తరాలు మామూలే. పెళ్లి ఆగినవాడు ఊరుకుంటాడా? ఎంక్వైరీ వచ్చిన రోజున ఫైల్లో ఆ కాగితం ఉంటే ఆవిడకి పది శాలువాల పెట్టు. నగదు ఇద్దామనుకుంటే మాత్రం వాళ్ల పై ఆఫీసుని అడక్కుండా కవరు చేతిలో పెట్టకు. మంచికి పోయి మెమో తెచ్చిపెట్టినట్టవుతుంది.

పేర్లు అనుకున్నాక నాకు ఫోన్ చెయ్యి. ఒకరిద్దరి గురించి నేను చెప్పాల్సింది ఉంటే నోటితోనే చెప్తాను, వాట్సాప్‌లో అడగొద్దు. మీ అమ్మ బీపీ మాత్రలు మళ్లీ మానేసిందని గొంతు వింటేనే తెలిసింది, నువ్వు దగ్గరుండి వేయించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ