ఒక స్పీకర్ సౌండ్ తగ్గితే తప్పు ఎక్కడుంది?

ఎడమ స్పీకర్ సౌండ్ బాగా తగ్గిందని, పాటంతా కుడివైపే వినిపిస్తోందని అడిగారు. ముందు బ్యాలెన్స్ నాబ్ (ఎడమ, కుడి సౌండ్ సరిచేసేది) చూడండి, దుమ్ము తుడిచేటప్పుడు తిరిగిపోయి ఉండొచ్చు. అది సరిగ్గానే ఉంటే పవర్ ఆపి, ఆంప్లిఫైయర్ వెనక రెండు స్పీకర్ల వైర్లు అటుదిటు మార్చండి. ఇంకా ఎడమ స్పీకరే తగ్గి ఉంటే తప్పు స్పీకర్‌దో దాని వైరుదో. కుడిది తగ్గితే స్పీకర్లు బాగున్నట్టే. అప్పుడు ప్లేయర్ నుంచి వచ్చే కేబుల్ ఎరుపు, తెలుపు పిన్నులను ఆంప్లిఫైయర్ (ఆంప్) దగ్గర ఒకదాని చోట ఒకటి మార్చండి. లోపం మళ్లీ పక్క మారితే ప్లేయరో కేబులో, మారకపోతే ఆంపే.

వాల్యూమ్ తిప్పుతుంటే కరకరమంటోందా? నాబ్ లోపల దుమ్ము చేరి ఉంటుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే అడగండి. ప్లగ్ తీసేసి నాబ్ లోపలికి కొద్దిగా కొట్టి, నాబ్‌ను ఇరవైసార్లు అటూఇటూ తిప్పి, బాగా ఆరాకే ఆన్ చేయండి. కుట్టుమిషన్ నూనె మాత్రం పోయకండి, ఇంకా దుమ్ము పడుతుంది.