సూర్యుడి పొరల మీద రాస్తున్న అమ్మాయికి

నుంగంబాక్కం, చెన్నై

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. అంకెల్లో పెద్ద తప్పులేవీ లేవు. కానీ కేంద్రం, వికిరణ మండలం, సంవహన మండలం, కాంతి మండలం, వర్ణ మండలం, కరోనా అంటూ వరసగా పేర్లు, ప్రతి పేరు పక్కన మందం, వేడి. రైల్వే టైంటేబుల్ చదివినట్టుంది. మూడో పేరు దగ్గరే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు.

సూర్యుడి లోపల గోడలు లేవమ్మా. లోపల పుట్టిన వేడి బయటికి రావడానికి ఒక్కోచోట ఒక్కో దారి పట్టింది. దారి మారిన చోటల్లా మనం పేరు మార్చాం, అంతే. కాబట్టి ఆ వేడి వెంట నడుస్తూ రాయి. పేర్లు అవసరమైనప్పుడు అవే వస్తాయి.

"భగభగ మండే అగ్నిగోళం" అని మొదలుపెట్టావు. మండాలంటే ఆక్సిజన్ కావాలి. అక్కడ జరిగేది అది కాదు. నడిమధ్యలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవుతున్నాయి. సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఇలా మారుతుంటే, అందులో 40 లక్షల టన్నుల పైచిలుకు శక్తిగా బయటపడుతోంది. వేడిని నువ్వు "15 మిలియన్ డిగ్రీలు" అన్నావు. మనం లక్షల్లో, కోట్లలో లెక్కపెట్టుకునేవాళ్లం, కోటిన్నర డిగ్రీలు అంటే చాలు. అక్కడి పదార్థం ఒక లీటరు చెంబులో పట్టగలిగితే 150 కిలోలు తూగుతుంది, మూడు సిమెంటు బస్తాల బరువు. ఇలాంటివి ఒకటి రెండు చాలు, పది వద్దు.

అక్కణ్ణుంచి వెలుగు బయటికి రావడం గురించి జాగ్రత్త. "ఈ ఉదయం నీ ముఖం మీద పడిన కిరణం లక్ష ఏళ్ల కిందటిది" అని రాశావు. వినడానికి బాగుంది గానీ అది అదే కిరణం కాదు. కేంద్రం చుట్టూ ఉన్న వికిరణ మండలంలో వెలుగు అడుగడుగునా పదార్థానికి తగిలి, దానిలో ఇంకి, మళ్లీ కొత్తగా పుడుతూ వస్తుంది. ప్రయాణించేది శక్తి. ఎంతకాలం పడుతుందన్న లెక్కలు కూడా వేల ఏళ్ల నుంచి లక్షల ఏళ్ల దాకా ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు రాయి, అదే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది.

వ్యాసార్థంలో పదింట ఏడు వంతులు దాటాక దారి మారుతుంది. అక్కణ్ణుంచి వేడిని వాయువే మోసుకొస్తుంది. దీనికి నువ్వు పుస్తకాల్లోని నిర్వచనం ఎత్తి రాశావు. వద్దు. రేపు పొద్దున ఎసరు పెట్టినప్పుడు గిన్నె దగ్గర నిలబడి చూడు. నీళ్లు ఒకచోట పొంగి పైకి వస్తాయి, పక్కలకు జారి కిందికి దిగుతాయి. సూర్యుడి ముఖమంతా అలాంటి పొంగులే. మధ్యలో వేడి వాయువు లేస్తుంది కాబట్టి అక్కడ వెలుగు ఎక్కువ. అంచుల్లో చల్లబడి దిగుతుంది కాబట్టి అక్కడ కాస్త నలుపు. ఒక్కొక్కటీ సుమారు వెయ్యి కిలోమీటర్లు, ఇక్కడి నుంచి భువనేశ్వర్ అంత దూరం. అంతటి పొంగూ పది నిమిషాల్లో చెదిరి ఇంకోటి లేస్తుంది. ఇది రాసేటప్పుడు తొందరపడకు. నీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమే ఇచ్చావు, నాకు బాధేసింది.

ఇదంతా ఎవరు వెళ్లి చూశారు అని పాఠకుడు తప్పకుండా అడుగుతాడు. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలితో కొట్టి చూసేవాళ్లు కదా, సూర్యుణ్ణి కూడా మోతతోనే పరీక్షించారు. ఆ ముఖం దాదాపు ఐదు నిమిషాలకోసారి లేస్తూ పడుతూ ఉంటుందని 1960ల మొదట్లో గమనించారు. ఆ కదలికల్ని లెక్కగట్టి, దాన్నిబట్టే సూర్యుడి లోపల ఏ లోతులో ఏముందో తేల్చారు.

కొలతలకు బొమ్మ గీసుకో. నేను మొట్టమాడి మీద (ఇక్కడ డాబాను అలాగే అంటారు) ముగ్గుపిండితో ఒక మీటరు అడ్డంగా సూర్యుణ్ణి గీశాను. పొంగులున్న సంవహన మండలం బయటి అంచు నుంచి 15 సెంటీమీటర్ల లోపలికి వచ్చింది. మనకు కళ్లకు కనిపించే కాంతి మండలం మాత్రం అర మిల్లీమీటరు కూడా లేదు, గీసిన గీత కన్నా సన్నం. సూర్యబింబం అంచు కత్తితో కోసినట్టు ఎందుకుంటుందో నాకు అప్పుడే అర్థమైంది. ఆ లెక్కన భూమి ఒక శనగగింజ, వంద మీటర్ల పైన దూరంలో, వీధి చివర.

మీ గుంటూరు మాట నీ వ్యాసంలో లేనేలేదు! 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మీ ఊళ్లోనే చూశాడు. ఇక్కడి నుంగంబాక్కం వేధశాల నుంచి పాగ్సన్ అదే గ్రహణం చూడటానికి మచిలీపట్నం వెళ్లాడు. నేను కొత్తలో "హీలియం గుంటూరులో దొరికింది" అని గొప్పగా రాశాను. ఒక పాఠకుడు కార్డు రాసి సరిదిద్దాడు, ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. ఆ రోజు సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల వెలుగును రంగులుగా విడదీసి చూస్తే పసుపు గీత కనిపించినా, అది సోడియందేనని అనుకున్నవాళ్లే ఎక్కువ. అది కొత్త మూలకమన్న మాట తర్వాత లండన్‌లో ఖగోళ శాస్త్రవేత్త లాకయర్ నుంచి వచ్చింది. భూమ్మీద అది 1895లో గానీ రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి చిక్కలేదు. జాన్సెన్ అసలు ఘనత వేరే. ఆ గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకుండా కూడా కనిపించాలని ఊహించి, మర్నాడే మామూలు ఎండలో చూసేశాడు. కాంతి మండలం పైనున్న వర్ణ మండలాన్ని చూడాలంటే గ్రహణం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడక్కర్లేదని మీ గుంటూరులో తేలింది. దాంతోనే మొదలుపెట్టొచ్చు నువ్వు.

ఇక కరోనా, సూర్యుడి అన్నిటికన్నా బయటి పొర. కింద 5,500 డిగ్రీలుంటే పైన పది లక్షలు దాటుతుందని రాసి, "అంతుచిక్కని రహస్యం" అని వదిలేశావు. తెలిసినంత చెప్పాలి కదా. కాకరపువ్వొత్తి రవ్వలు చేతి మీద పడితే చురుక్కుమంటాయి, అంతే. మరిగే నీళ్లు పడితే బొబ్బలెక్కుతుంది. రవ్వ వేడి చాలా ఎక్కువే, కానీ అందులో పదార్థం కొంచెమే. కరోనా కూడా అంత పలచన. శక్తిని పైకి చేర్చేది అయస్కాంత క్షేత్రమన్నది తెలుసు. అక్కడ అది వేడిగా ఎలా మారుతోందన్నది ఇంకా తేలాలి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన అంతరిక్ష నౌక ఆదిత్య-ఎల్1, బెంగళూరులో తయారైన పరికరంతో సూర్యబింబాన్ని మూసి ఆ కరోనానే చూస్తోంది.

ఎసరు పేరా, గుంటూరు పేరా కొత్తగా రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం. ఈసారి చెన్నై వచ్చినప్పుడు ఫోన్ చెయ్యి. పాత వేధశాల రాతిస్తంభం ఇక్కడి వాతావరణ కేంద్రం ఆవరణలో ఇంకా ఉంది. దాని మీద తెలుగులో కూడా చెక్కారు. అడిగి లోపలికి వెళ్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన