లీడ్ల వ్యాపారం పెడతానన్న మా అమ్మడికి

అమ్మడూ,

నువ్వు ఉద్యోగం మానేసి ఇన్సూరెన్స్ లీడ్ల వ్యాపారం మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "పాలసీలు అమ్మదట అక్కా, పాలసీ కావాలన్నవాళ్ళ పేర్లూ నంబర్లూ ఏజెంట్లకి అమ్ముతుందట. ఇదేం వ్యాపారం?" అని ఒకటే గోల. నేను ఏజెంటుగా అలాంటి పేర్లు కొనుక్కునే బతికినదాన్ని కాబట్టి దానికి ధైర్యం చెప్పాను. మంచి పనేనే, తెలివైన పిల్ల, నెగ్గుకొస్తుంది అన్నాను. అది మీ అమ్మకి చెప్పే మాట. నీకు చెప్పాల్సింది వేరే ఉంది, ఫోన్‌లో అయితే మధ్యలో అడ్డొస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందు సంతోషం సంగతి. మన ఇంట్లో అమ్మకం అంటే నామోషీ. నేను ఏజెన్సీ తీసుకున్న కొత్తలో మీ తాతయ్య నాతో సరిగ్గా మాట్లాడేవారు కాదు, నలుగురి గుమ్మాలూ ఎక్కి దిగే పని ఆడపిల్లకెందుకని. ఇన్నాళ్ళకి మన పిల్ల ఒకత్తి ఈ వైపు వస్తానంటోంది. గర్వంగా లేదని అబద్ధం ఎందుకు చెప్పడం.

కంపెనీ నమోదు, వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, ఏజెంటుతో కాగితం మీద ఒప్పందం, డబ్బు ముందే తీసుకోవడం, ఇవి నీకు నేను చెప్పేవి కావు. మొదట్లో ఒక్క రకం ఇన్సూరెన్సే పట్టుకో. మోటారు, ఆరోగ్యం, టర్మ్ పాలసీ అనే జీవిత బీమా, మూడూ మూడు రకాల జనం. బండి పాలసీకి గడువు తేదీ ఉంటుంది, అది ఫారంలో అడిగావంటే ఏజెంటుకి ఎప్పుడు ఫోన్ చేయాలో తెలుస్తుంది. జీవిత బీమాకి అలాంటి తేదీ లేదు. ఇవాళ భయమేసి అడిగినవాడు ఎల్లుండికి మర్చిపోతాడు.

నీ దగ్గర కొనేది ఏజెంటు. వాడి లెక్క నీకు అర్థమైతే సగం పని అయినట్టే. వాడు లీడ్ ధర చూడడు, ఒక పాలసీ రావడానికి ఎన్ని లీడ్లు కొనాల్సొచ్చిందో చూస్తాడు. ఇరవై లీడ్లు కొన్నాడనుకో, ఎనిమిది మంది ఫోన్ ఎత్తారు, నలుగురు కాస్త మాట్లాడారు, ఒకరు పాలసీ తీసుకున్నారు. ఆ ఒక్కరి మీద వచ్చే కమీషన్‌లోంచి ఇరవై లీడ్ల ఖర్చూ రావాలి, వాడి ఇల్లూ గడవాలి. అందుకని సగం ధరకి పాత పేర్లు అంటగడితే లాభం అనుకుంటాడు మొదట, నెల తిరిగేసరికి పారిపోతాడు. నీ దగ్గర కొన్నవాళ్ళు రెండో నెల మళ్ళీ కొంటున్నారా, అదొక్కటే చూసుకో. కొత్తవాళ్ళు ఎంతమంది చేరారన్నది చూసి మురిసిపోకు.

ఆలస్యం గురించి ఒక మాట. వెబ్‌లో వివరాలు అడిగినవాళ్ళకి కంపెనీలు ఎంత త్వరగా ఫోన్ చేస్తున్నాయో పరిశీలించి 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. గంటలోపు ప్రయత్నించినవాళ్ళకి, ఇంకో గంట ఆగి ప్రయత్నించినవాళ్ళకన్నా దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా పనికొచ్చే సంభాషణ దొరికిందట. ఫోన్ పట్టుకుని బతికిన నాకు ఆ లెక్క అక్కర్లేదనుకో, కానీ నువ్వు లెక్కలు ఉంటేగానీ నమ్మవు. సాయంత్రం ఎక్సెల్ షీటు పంపడం కాదు, ఫారం నిండిన క్షణంలోనే ఏజెంటు ఫోన్ మోగాలి. ఏజెంట్లు నిద్రపోయే వేళ నీ ప్రకటనలు ఆపెయ్యి. ఏజెంటుని చేర్చుకునే ముందే అడుగు, "అయిదు నిమిషాల్లో ఫోన్ చేయగలరా?" అని. నసిగినవాడికి అమ్మకు. రేపు నీ లీడ్లు పనికిరావని ఊరంతా చెప్పేది వాడే. లైసెన్సు ఏ రకానికి, ఏ ప్రాంతానికి ఉందో కూడా చూసుకో, లేకపోతే మంచి లీడ్ కూడా వాడి చేతిలో చెత్తే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా భయం ఇదే, దీనికోసమే ఈ ఉత్తరం.

మాతోపాటు పాలసీలు రాసి, తర్వాత లీడ్లు అమ్మడం మొదలుపెట్టినతను ఒకడుండేవాడు. పేరు వద్దులే. మోసగాడు కాడు. నిజంగానే మనుషులు నింపిన ఫారాలే అమ్మేవాడు, పనిచేయని నంబరు వస్తే మాట్లాడకుండా డబ్బు తిరిగిచ్చేవాడు. ఒక్కో లీడ్‌నీ నలుగురు ఏజెంట్లకి అమ్మేవాడు, అది అందరికీ తెలిసిన పద్ధతే, ధర కూడా దానికి తగ్గట్టే ఉండేది. అతను చేసిన తప్పు వేరే. ఏజెంట్లు ఇంకాస్త ఎక్కువ ఇస్తారని ఫారంలో ఆరోగ్యం ప్రశ్నలు పెట్టాడు. పొగ తాగుతారా, ఏం జబ్బులున్నాయి, ఏం మందులు వాడుతున్నారు. మేమూ సంబరపడ్డాం. ఏ కంపెనీ ఇతన్ని తీసుకుంటుంది, ప్రీమియం ఎంత పడుతుంది అన్నది ఫోన్ చేయకముందే తెలిసిపోయేది. లీడ్ ధర పెంచినా ఎవరూ గొణగలేదు.

అలా వచ్చిన ఒక లీడ్‌లో ఒకాయన మానసిక వైద్యానికి వాడుతున్న మందు పేరు రాశాడు. నేను ఫోన్ చేశాను. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు. పిల్లలు చిన్నవాళ్ళు, టర్మ్ పాలసీ కావాలి, కానీ ఈ మందు వల్ల ఎవరూ ఇవ్వరేమోనని భయం. ఇచ్చే కంపెనీలు ఉన్నాయండీ అన్నాను. "రేపు మధ్యాహ్నం చేయండి, ఒంటరిగా ఉంటాను, అన్నీ చెప్తాను" అన్నాడు. ఒంటరిగా అన్నమాట నాకు అప్పుడే అర్థమైంది, ఇంట్లో తెలియదని.

ఆ సాయంత్రం ఇంకో ఏజెంటు అదే లీడ్ పట్టుకుని ఫోన్ చేశాడు. భార్య ఎత్తింది. అతను ఏం పాపం చేద్దామని చేయలేదు, సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. "మీవారు వాడే ఆ మందు ఉన్నా మా కంపెనీ పాలసీ ఇస్తుందండీ, ప్రీమియం కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే" అన్నాడట. ఆవిడకి మందు సంగతే తెలియదు.

మర్నాడు చెప్పిన వేళకి నేను ఫోన్ చేశాను. ఆయన కోప్పడలేదు. "ఎంతమందికి చెప్పారు?" అన్నాడు. నేను కాదండీ, అది ఎలా జరిగిందంటే అని చెప్పబోయాను. మళ్ళీ అదే ప్రశ్న. పెట్టేశాడు. ఆయన దృష్టిలో నేనూ, ఆ ఇంకో ఏజెంటూ, ఫారం పెట్టినవాడూ అందరం ఒకటే. కాదని ఎలా అంటాను?

తర్వాతది విను, నీకు కావాల్సింది అక్కడుంది. ఆయన ఆ లీడ్లు అమ్మినతనికి రాశాడు, నా వివరాలు తీసెయ్యండి అని. వీడు వెంటనే తీసేశాడు, నలుగురు ఏజెంట్లకీ చెప్పాడు. కానీ అప్పటికే ఆ నలుగురిలో ఒకడు పాలసీ కుదరని లీడ్లన్నీ మూటగట్టి పాత లీడ్ల కింద ఇంకో ఏజెన్సీకి ఇచ్చేశాడు. వాళ్ళు ఎవరికిచ్చారో వాళ్ళకే తెలియదు. నెలలు గడిచాక కూడా ఆ ఇంటికి ఫోన్లు వెళ్తూనే ఉన్నాయని తెలిసింది. వీడి ఒప్పందంలో తిరిగి అమ్మకూడదన్న షరతు లేదు. ఎవరికి ఏ వివరం ఎప్పుడు వెళ్ళిందో రాసుకున్న చిట్టా లేదు. రాత్రిళ్ళు కూర్చుని పాత ఈమెయిళ్ళు వెతుక్కునేవాడు పాపం. కొన్నాళ్ళకి వ్యాపారం మూసేశాడు. ఎవరూ కేసు పెట్టలేదు, జరిమానా పడలేదు. తనే చేయలేకపోయాడు.

కాబట్టి నా మాట విను. ఫారంలో పేరు, నంబరు, వయసు, ప్రాంతం, ఏ రకం పాలసీ, ఏ వేళ ఫోన్ చేస్తే బాగుంటుంది, ఇవి చాలు. ఆరోగ్యం గురించి అడగాలనిపిస్తే ఒక్కటే అడుగు, "ఏజెంటుతో విడిగా మాట్లాడాల్సిన విషయాలేమైనా ఉన్నాయా?" అని. అవునో కాదో చాలు. మిగతాది ఆ మనిషి తన నోటితో, తను ఎంచుకున్న ఏజెంటుకి చెప్పుకుంటాడు. ఏజెంట్లు సణుగుతారు. నీ లీడ్ తక్కువ ధర పలుకుతుంది. పాలసీ దొరకని జబ్బున్నవాళ్ళు కూడా కొందరు వస్తారు, వాటి డబ్బు వాపసు ఇమ్మంటారు. అయినా సరే.

వీలైతే ఒక లీడ్ ఒక్కరికే అమ్ము. పింగ్ పోస్ట్ అని ఉంటుంది, నువ్వు చదివే ఉంటావు. ముందు వయసూ పిన్‌కోడూ లాంటి ముక్కలు పదిమంది కొనేవాళ్ళకి పంపి, వేలంలో ఎక్కువ పాడినవాడికి పేరూ నంబరూ ఇవ్వడం. దాంతో నీకు మంచి ధర వస్తుంది, నిజమే. కానీ పాటలో ఓడినవాళ్ళందరూ కూడా ఆ ముక్కలు చూసే ఉంటారు. అందులో జబ్బుల జవాబులు పెట్టేవాళ్ళుంటారు. నువ్వు పెట్టకు.

చట్టం విషయం. నువ్వు ఎక్కడ కూర్చున్నావన్నది ఒక్కటే కాదు, ఎవరికి ఫోన్ వెళ్తుందో వాళ్ళుండే చోటి చట్టం కూడా చూడాలి. అమెరికాలో 1991 నాటి టెలిఫోన్ చట్టం ఒకటుంది. సరైన అనుమతి లేకుండా, నంబర్లు తనంతట తానే తిప్పే ఆటోడయలర్‌తోనో రికార్డు చేసిన గొంతుతోనో ఫోన్ చేస్తే కాల్‌కి 500 డాలర్లు, కావాలని చేశారని తేలితే 1,500 దాకా. ఒక్క కాల్ కాదు కదా, గుణించుకో. ఐరోపాలో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆరోగ్య సమాచారాన్ని మరింత గట్టి రక్షణ ఉండే ప్రత్యేక కోవలో పెట్టింది. భారతదేశంలో 2023లో చేసిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం అనుమతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. ఇక్కడ పాలసీలు పోల్చి చూపించే సైటు పెట్టాలంటే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ళ వెబ్ అగ్రిగేటర్ నిబంధనలు కూడా ఉన్నాయి, వకీలుతో కూర్చుని చదువు.

అమెరికాలోనే ఇంకో ముచ్చట. ఒక్క టిక్కుతో బోలెడు కంపెనీలకి అనుమతి తీసుకోవడం కుదరదు, ఒక్కో అమ్మకందారుకీ విడిగా తీసుకోవాలని అక్కడి ఫోన్ల వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 2023 డిసెంబరులో నిబంధన చేసింది. 2025 జనవరి 27న అమల్లోకి రావాల్సింది. ఇన్సూరెన్స్ మార్కెటింగ్ వాళ్ళ సంఘమే కోర్టుకెళ్ళింది, మూడు రోజుల ముందు, 24న కోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. ఈ వ్యాపారంలో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. నువ్వు మాత్రం ఆ నిబంధన ఉన్నట్టే నడుచుకో. "మా భాగస్వాములు సంప్రదిస్తారు" అని చీమ తలకాయంత అక్షరాల్లో రాయకు. ఫలానా ఏజెంటు మీకు ఫోన్ చేస్తారని పేరు చూపించి, అప్పుడు టిక్ అడుగు. ముందే టిక్ పెట్టి ఉంచావని తెలిస్తే ఊరుకోను. ఫారం నింపినప్పుడు తెర మీద ఏముందో, ఎప్పుడు ఒప్పుకున్నారో సాక్ష్యంగా దాచే ట్రస్టెడ్‌ఫామ్ లాంటివి ఉన్నాయి, ఖర్చని వెనకాడకు.

ఏజెంట్లలో తీపిమాటల వాళ్ళుంటారు. "లీడ్‌కి డబ్బెందుకమ్మా, పాలసీ అయితే కమీషన్‌లో వాటా ఇస్తాను" అంటారు. లైసెన్సు లేనివాళ్ళకి కమీషన్ పంచడం చాలాచోట్ల నిషేధం. లీడ్‌కి ఇంత అని మాత్రమే తీసుకో. వాపసు దేనికిస్తావో ముందే రాసి పెట్టు: పనిచేయని నంబరు, వేరే మనిషి నంబరు, ఇంతకుముందు అమ్మిన పేరే మళ్ళీ రావడం, అడిగిన ప్రాంతం కాకపోవడం. ఫోన్ ఎత్తలేదన్నా, ఆసక్తి లేదన్నారన్నా వాపసు లేదు. గడువు కూడా పెట్టు. లీడ్ బాగోలేదని వాపసు తీసుకుని అదే మనిషికి గుట్టుగా పాలసీ రాసుకునేవాళ్ళని నేను పక్క కుర్చీలో చూశాను. అప్పుడప్పుడూ వాపసు వచ్చిన నంబర్లకి నువ్వే ఫోన్ చేసి కనుక్కో.

ఇక్కడే నాకు నీ గురించి దిగులు. నువ్వు ఎవరైనా గట్టిగా అడిగితే ఇచ్చేసే రకం. చిన్నప్పుడు నీ బొమ్మలన్నీ పక్కింటి పిల్లలు పట్టుకుపోతే, "వాళ్ళు అడిగారు పెద్దమ్మా" అన్నావు, ఏడుపు కూడా లేదు. ఆ గుణం పోవాలని నేను కోరుకోను. కానీ వాపసులు చూసే పని మాత్రం వేరేవాళ్ళకి అప్పగించు. ఆ డబ్బుని తిండీ నిద్రా మానేసి సంపాదిస్తావు, మొహమాటానికి పంచిపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. అన్నట్టు మీ అమ్మకి రోజూ ఫోన్ చెయ్యి, వ్యాపారం గురించి కాదు, ఊరికే. నాలుగు రోజులు చెయ్యకపోతే అది నాకు చేస్తుంది, నాకు పనులున్నాయి.

ఫారం తయారవగానే ఎవరికీ చెప్పకుండా ముందు నాకు పంపు. నా నంబరు పెట్టి నేనే నింపుతాను. ఎంతసేపటికి ఫోన్ వస్తుందో, ఎవరు చేస్తారో, నువ్వు చూపించిన పేరు కాకుండా ఇంకెవరైనా చేస్తారేమో చూస్తాను. వయసు దగ్గర నిజమే రాస్తాను, అది మాత్రం మీ అమ్మకి చూపించకు.

మీ పెద్దమ్మ