శనివారం ఒకటి, ఆదివారం మరొకటి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి: స్నేహితులతో ట్రిప్‌గా వెళ్లి వరసగా రెండు రోజులు రెండు మారథాన్లు పరుగెత్తడం. నాకు బాగా ఇష్టమైన విషయం, నన్ను బాధపెట్టిన విషయం కూడా ఇదే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: మేడమ్, నా వయసు 38. ఇప్పటికి మూడు మారథాన్లు పూర్తి చేశాను. బాగా వచ్చిన టైమ్ 4 గంటల 25 నిమిషాలు. మేం నలుగురు స్నేహితులం ఒక వారాంతం ట్రిప్ పెట్టుకున్నాం. శనివారం ఒక ఊళ్లో మారథాన్, ఆదివారం అక్కడికి రెండు గంటల దూరంలోని ఇంకో ఊళ్లో. ఇంకా 18 వారాలుంది. మాలో ఒకడు 3 గంటల 40 నిమిషాల్లో ముగించేవాడు. ఇంకొకడు ఇప్పటిదాకా చేసింది ఒకే ఒక్క మారథాన్. ‘బ్రిటిష్ సాహసయాత్రికుడు రనల్ఫ్ ఫైన్స్ 2003లో ఏడు రోజుల్లో ఏడు ఖండాల్లో ఏడు మారథాన్లు చేశాడు, మనం రెండు చేయలేమా’ అంటాడు మా ఫాస్ట్ రన్నర్. నాకేమో టెన్షన్‌గా ఉంది. చేయొచ్చా? ఎలా తయారవ్వాలి?
— ఒక పాఠకుడు

జవాబు: మీరు చేయొచ్చు. మూడు మారథాన్ల అనుభవం ఉంది, 18 వారాలు చేతిలో ఉన్నాయి. మీ నలుగురూ చేయొచ్చా అంటే మాత్రం నా జవాబు వేరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీరు వీటిని రెండు పందేలుగా చూస్తున్నారు. మొదటిసారి నేనూ అలాగే చూశాను. రెండూ కలిపితే 84 కిలోమీటర్ల పైచిలుకు. దక్షిణాఫ్రికాలో జరిగే కామ్రేడ్స్ పరుగు 90 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, దాన్ని ఒక్క రోజులోనే ముగించాలి. అక్కడికి వెళ్లే మనలాంటి మామూలు రన్నర్లు మొదటి 42 కిలోమీటర్లలో తమ బెస్ట్ టైమ్ కోసం ప్రయత్నిస్తారా? మీది కూడా అలాంటి ఒకే పొడవాటి పరుగు. మధ్యలో ఒక రాత్రి నిద్ర ఉంది, అంతే.

నా బెస్ట్ టైమ్ 4 గంటల 10 నిమిషాలు. మొదటి ట్రిప్‌లో శనివారం 4 గంటల 14 నిమిషాల్లో ముగించాను. నెమ్మదిగా వెళ్దామనే బయల్దేరాను. పక్కన స్నేహితులు, దారి పొడవునా చప్పట్లు, ఒళ్లు తేలిగ్గా ఉంది. పదో కిలోమీటరు వచ్చేసరికి అనుకున్నదంతా మర్చిపోయాను. ఆదివారం 19వ కిలోమీటరు దగ్గర ఒక చిన్న దిగుడు వచ్చింది. అడుగు వేస్తే తొడలు నా బరువు ఆపలేకపోయాయి. అక్కణ్నుంచి చివరిదాకా నడకే. 6 గంటల 20 నిమిషాలు పట్టింది. రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాను. అప్పుడు శనివారం 4 గంటల 52 నిమిషాలు, ఆదివారం 4 గంటల 58 నిమిషాలు. శిక్షణలో పెద్ద తేడా లేదు. శనివారం పేస్, అంటే కిలోమీటరుకు పట్టే సమయం, మార్చుకున్నాను.

మీరు శనివారానికి 5 గంటలు పెట్టుకోండి. అంటే కిలోమీటరుకు 7 నిమిషాల కంటే కాస్త ఎక్కువ. మొదటి కిలోమీటరు నుంచే, ప్రతి కిలోమీటరు చివర ఒక నిమిషం నడవండి. ఒంట్లో శక్తి ఉన్నప్పుడు నడిచిన ఆ నిమిషాలే ఆదివారం మీకు పనికొస్తాయి. అలసిపోయాక నడిస్తే ఆ లాభం రాదు. ఒక్క సంగతి చూసుకోండి, కొన్ని పరుగుల్లో బయల్దేరిన 6 గంటలకే ఫినిష్ మూసేస్తారు. ఆదివారం పరుగుకు ఎన్ని గంటల గడువుందో పేరు నమోదు చేసుకునే ముందే చదవండి.

ఇంత నెమ్మది ఎందుకంటే, మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో ఉండే ఇంధనం మారథాన్ చివరికి చాలావరకు అయిపోతుంది. ఎంత బాగా తిన్నా అది పూర్తిగా నిండటానికి 24 గంటలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. శనివారం ఉదయం 11కు ముగించి ఆదివారం 6కు మళ్లీ బయల్దేరితే మీ చేతిలో ఉండేది 19 గంటలు. నెమ్మదిగా పరుగెత్తితే ఒళ్లు కొవ్వును ఎక్కువగా వాడుకుంటుంది, గ్లైకోజెన్ కొంత మిగులుతుంది. కండరాల సంగతి కూడా ఇలాంటిదే. వేగంగా పరుగెత్తినప్పుడు, ముఖ్యంగా దిగుళ్లలో, కండరాల నారలు సూక్ష్మంగా చిరుగుతాయి. అలా దెబ్బతిన్న కండరం గ్లైకోజెన్‌ను కూడా నెమ్మదిగానే నింపుకుంటుంది. నొప్పి ముదిరేది ఒకటి నుంచి మూడు రోజుల మధ్య, అంటే సరిగ్గా మీ రెండో మారథాన్ వేళకు.

కాబట్టి శనివారం ఫినిష్ దాటిన నిమిషం నుంచే మీ ఆదివారం మొదలైనట్టు. మొదటి నాలుగు గంటలూ గంటకు ఒంటి బరువులో కిలోకు ఒక గ్రాము చొప్పున పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. 70 కిలోల మనిషైతే గంటకు 70 గ్రాములు. ఆకలి వేయదు, తిండి చూస్తేనే వెగటుగా ఉంటుంది. నమల్లేకపోతే తాగండి. ఈ ఒక్క విషయంలో మీ ఆకలి మాట వినకండి. పరుగులో కూడా గంటకు 30 నుంచి 60 గ్రాములు తీసుకోవాలి, రెండు రోజులూ. మీరు వాడే ఎనర్జీ జెల్ (పరుగులో మింగే తియ్యటి పేస్టు) ఏదైనా శిక్షణలో ముందే అలవాటు చేసుకోండి.

శిక్షణకు రెండు పూర్తి మారథాన్లు పరుగెత్తి చూసుకోనక్కర్లేదు. వరస రోజుల్లో లాంగ్ రన్లు చాలు. శనివారం 20, ఆదివారం 14 కిలోమీటర్లతో మొదలుపెట్టండి. ఇది ప్రతి వారం వద్దు. రెండు మూడు వారాలకొకసారి కొద్దికొద్దిగా పెంచుతూ, ట్రిప్‌కు మూడు నాలుగు వారాల ముందు 30, 22 దాకా తీసుకెళ్లండి. మధ్య వారాల్లో దూరం బాగా తగ్గించండి. రెండో రోజు పరుగులో మీరు నేర్చుకోవాల్సింది ఒకటుంది. నిద్ర లేచాక బిగుసుకుపోయిన కాళ్లతో మొదటి మూడు కిలోమీటర్లు ఘోరంగా ఉంటాయి, తర్వాత కాస్త వదులవుతాయి. ఇది ముందే తెలియకపోతే ఆదివారం స్టార్ట్ లైన్ దగ్గరే ధైర్యం పోతుంది.

నొప్పి రెండు కాళ్లలోనూ ఒకేలా, కండరమంతా పరుచుకుని ఉంటే అది అలసట. ఒకే కాలిలో, వేలు పెట్టి చూపించగలిగే చోట, గుచ్చినట్టు ఉంటే అది గాయం కావచ్చు. నడక తీరు మారిందంటే ఆగిపోవాల్సిందే. దీనికి మినహాయింపు లేదు.

ప్రయాణం గురించి త్వరగా చెప్పేస్తాను. వీలుంటే పరుగెత్తని మనిషి చేత కారు నడిపించండి. ముప్పావు గంటకొకసారి దిగి ఐదు నిమిషాలు నడవండి. రెండు జతల బూట్లు తీసుకెళ్లండి, శనివారం చెమటకు తడిసినవి ఆదివారానికి ఆరవు. తొడలు, చంకలు ఒరుసుకున్న చోట శనివారం రాత్రే వాజలిన్ రాయండి. ఆదివారం బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు) ఎప్పుడు, ఎక్కడ ఇస్తారో ముందే కనుక్కోండి. పరుగు రోజు పొద్దున ఇవ్వని చోట్లు ఉన్నాయి. మొదటి ట్రిప్‌లో మేం కౌంటర్ మూసే పది నిమిషాల ముందు చేరాం. ఆ సాయంత్రం కారులో పడ్డ ఆందోళనకు నాకు రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

ఇప్పుడు మీ స్నేహితుల సంగతి. ఒకే మారథాన్ చేసినతను రెండూ పరుగెత్తకపోవడం మంచిది. ఒక రోజు హాఫ్ మారథాన్ (సగం దూరం), ఇంకో రోజు ఫుల్ చేయమనండి, లేదా శనివారం మీకు నీళ్లందించి ఆదివారం పరుగెత్తమనండి. ట్రిప్‌లో అతని స్థానం ఏమీ తగ్గదు. 3:40 అతన్ని శనివారం వదిలేయండి, అతని వెంట పడకండి. రనల్ఫ్ ఫైన్స్ మాట దాదాపు నిజమే, అంటార్కిటికాకు బదులు ఫాక్‌లాండ్ దీవుల్లో పరుగెత్తాడు. అయితే ఆయన పక్కన పరుగెత్తిన మైక్ స్ట్రౌడ్ స్వయంగా డాక్టరు. మీలో ఎవరికేమైనా చూసుకోవాల్సింది మిగతా ముగ్గురే.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొదటి ట్రిప్‌లో మేం ఆరుగురం. నా స్నేహితురాలికి శనివారం 33వ కిలోమీటరు దగ్గర ముంగాలి ఎముకలో నొప్పి మొదలైంది. తన వల్ల అందరి ట్రిప్ పాడవుతుందని ఎవరికీ చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర నేను ‘బాగానే ఉన్నావా’ అని అడిగాను, ‘బాగానే ఉన్నా’ అంది. ఆదివారం 8వ కిలోమీటరులో కూర్చుండిపోయింది. ఎముకలో సన్నటి చీలిక. ఐదు నెలలు పరుగుకు దూరమైంది. ఆ ప్రశ్న అలా అడిగినందుకు నాకు ఇప్పటికీ బాధే. ఆ తర్వాత నుంచి శనివారం రాత్రి ప్రతి ఒక్కరినీ ‘ఎక్కడెక్కడ నొప్పిగా ఉంది’ అని అడుగుతాం. అలా అడిగితే ‘బాగానే ఉన్నా’ అని తప్పించుకోవడం కుదరదు. ఎవరు మానేసినా ఎందుకని ఎవరూ అడగకూడదని ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఒప్పందం చేసుకుంటాం. మీరూ చేసుకోండి.

ప్రశ్న: రెండో రోజు కోసం శనివారం రాత్రి ఒక పెయిన్ కిల్లర్ వేసుకుంటే తప్పా? మా గ్రూపులో చాలామంది వేసుకుంటారు. అలాగే, నీళ్లు వీలైనంత ఎక్కువ తాగాలంటారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: వేసుకోకండమ్మా. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మూత్రపిండాలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. గంటల తరబడి పరుగెత్తి నీరు తగ్గిన ఒంట్లో మూత్రపిండాలు అప్పటికే ఒత్తిడిలో ఉంటాయి. పైగా నొప్పి తెలియకపోతే గాయం ఉన్నదీ తెలియదు. పారాసిటమాల్ ఈ రకం మందు కాకపోయినా నొప్పిని దాచేస్తుంది కాబట్టి పరుగుకు ముందు అదీ వద్దు. మూత్రం ముదురు గోధుమ రంగులో, కోలా రంగులో వస్తే ఆదివారం సంగతి వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అది కండరాలు విపరీతంగా దెబ్బతిన్నదానికి గుర్తు కావచ్చు.

నీళ్లు దాహానికి తగినన్ని చాలు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం (ఉప్పులో ఉండేదే) ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉంది. 2005లో ఆ అధ్యయనం అచ్చయింది. పరుగు ముగిసేసరికి బరువు బాగా పెరిగినవాళ్లలో, అంటే అవసరానికి మించి తాగినవాళ్లలో, ఇది ఎక్కువగా కనిపించింది. తలనొప్పి, వికారం, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, అయోమయం లాంటివి కనిపిస్తే ఇంకా నీళ్లు పట్టించకండి, డాక్టరుకు చూపించండి. శనివారం భోజనంలో మామూలుగా ఉప్పు తినండి.

ప్రశ్న: పోయిన ట్రిప్‌లో ఆదివారం నా స్నేహితురాలు 30 కిలోమీటర్ల దగ్గర నడకకు దిగిపోయింది. ‘నువ్వెళ్లు’ అంది. వెళ్లిపోయాను. మంచి టైమే వచ్చింది కానీ అప్పట్నుంచి మనసులో గుచ్చుకుంటోంది. నేను చేసింది తప్పా?
— మరో పాఠకురాలు

జవాబు: తప్పు కాదు. ఆమె స్పృహలో ఉండి, సరిగ్గా మాట్లాడుతూ, వెళ్లమంది. మీరు వెళ్లారు. మాట తడబడుతున్నా, తూలుతున్నా, ఎండలో చెమట ఆగిపోయినా, ఛాతీలో నొప్పి అన్నా ఆమె ఏం చెప్పినా వదలకూడదు. వైద్య సిబ్బందికి అప్పగించేదాకా పక్కనే ఉండాలి. మామూలు అలసటకు ఆ నియమం లేదు.

అయితే మీకు గుచ్చుకుంటోంది అన్నారు కాబట్టి ఒక సంగతి చెప్తాను. మా మూడో ట్రిప్‌లో ఆదివారం 33వ కిలోమీటరు దగ్గర నాకూ ఇదే ఎదురైంది. ఎముక చీలిక నయమై మళ్లీ మాతో వచ్చిన స్నేహితురాలే. ఈసారి ఎక్కడ నొప్పో దాచకుండా చెప్పింది. రెండు తొడలూ పట్టేశాయి, అంతే. ‘నువ్వెళ్లు’ అంది. ‘నీకు ఒంటరిగా నడవాలనుందా, తోడు కావాలా’ అని అడిగాను. కాసేపు ఆలోచించి ‘తోడు కావాలి’ అంది. మిగిలిన 9 కిలోమీటర్లకు మాకు గంటా ముప్పావు పట్టింది. వచ్చేసారి మీరూ ఆ ప్రశ్న అడిగి చూడండి. ఒంటరిగా నడుస్తానంటే, నిజంగానే వెళ్లిపోండి.