వాసన మాట నిజమే, మానేయమన్న మాట మాత్రం వినొద్దు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. తిరుపతిలో అపార్టుమెంటులో ఉంటాం. పాప బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, బాబు హాస్టల్లో ఉన్నాడు. ఏడాదిగా కలంకారీ నేర్చుకుంటున్నాను. కలం పట్టుకుంటే టైమే తెలీదు. కానీ ఇంట్లో రోజూ గొడవే. పాల గుడ్డ వాసనకి కడుపులో తిప్పుతోందంటుంది అత్త. సంక్రాంతికి పొంగలి పెట్టే గుండిగలో ఒకసారి ఎర్ర రంగుకి మంజిష్ఠ వేరు ఉడకబెట్టాను, అప్పట్నించీ నాతో సరిగా మాట్లాడటం లేదు. మా ఆయనేమో "దీంతో రూపాయి వస్తుందా?" అంటారు. అందుకని అందరూ పడుకున్నాక రాత్రి పదకొండు దాటి వేసుకుంటున్నాను. సామాను ఖర్చు సరుకుల లెక్కలో కలిపేస్తున్నాను. ఇంత చేసినా నల్ల గీత పాకిపోతోంది, సగం చేసిన గుడ్డలు బీరువాలో పడున్నాయి. ఇది చాలదన్నట్టు మాఘంలో కూతురి పెళ్లికి కలంకారీ చీర వేసివ్వమని మా ఆడబిడ్డ అడుగుతోంది. అంతా మానేసి గమ్మున ఉండటమే మేలేమో అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మానేయొద్దమ్మా. అది ముందే చెప్పేస్తే మిగతా సంగతులు నిదానంగా మాట్లాడుకోవచ్చు. మీ అత్తగారి మాటలో చాలావరకు న్యాయముంది. మీ ఆయన మాటలో కొంచెమే ఉంది. ఆ న్యాయమున్నంత మేరా మీరు దిద్దుకుంటే, మిగిలినదానికి తలొంచాల్సిన పని లేదు.

ముందు గుండిగ సంగతి చూద్దాం. అందులో తప్పు పూర్తిగా మీదే. పటికకీ, నల్ల గీతకి వాడే కసిమి ద్రవానికీ, రంగు చెక్కలకీ ఒకసారి వాడిన పాత్రలో మళ్లీ వంట చెయ్యకూడదు. ఎంత తోమినా సరే. రంగుపని తెలిసినవాళ్లంతా పాటించే నియమమిది, మీ అత్తగారి మడి పట్టింపు ఒక్కటే కాదు. ఆ గుండిగని ఇక రంగుకే ఉంచేసుకోండి. ఆవిడకి కొత్తది మీ చేత్తో కొనివ్వండి. "అత్తా, తెలీక చేశాను, ఇకమీదట వంటింటి సామాను దీనికి ముట్టుకోను" అంటే చాలు, పెద్ద సంజాయిషీ అక్కర్లేదు. బకెట్, గరిటె, వడకట్టే గుడ్డ కూడా వేరుగా పెట్టుకోండి. పాత సామాను అంగట్లో ఇవన్నీ చవగ్గానే దొరుకుతాయి.

ఇక వాసన. అది రెండు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది గుడ్డకి పట్టించే పాలు. కరక్కాయ, పాలు కలిపి ముంచిన గుడ్డ మిట్టమధ్యాహ్నపు ఎండలో గంటలోపే గలగలా ఆరిపోతే పెద్దగా వాసన ఉండదు. అదే గుడ్డ బాల్కనీ నీడలో సాయంత్రం దాకా తడితడిగా వేలాడితే పాలు పులుస్తాయి. మీ అత్తగారికి కడుపులో తిప్పుతున్నది ఆ పులుపే. కాబట్టి పాల పని నెలకొక్కసారి పెట్టుకోండి. బాగా ఎండ కాసే రోజు చూసి, పదింటికి మిద్దెక్కి, మూడు నాలుగు మీటర్లు ఒకేసారి కానిచ్చేయండి. మీటరు గుడ్డకి 30 గ్రాముల కరక్కాయ పొడి, పావు లీటరు పచ్చి గేదె పాలు, పావు లీటరు నీళ్లు సరిపోతాయి. అంతా ఒకేలా తడిసేలా పిసికి, గట్టిగా పిండి, ముడతల్లేకుండా పరిచి, పావుగంటకోసారి తిరగెయ్యండి. తిరగెయ్యకపోతే ఎండ తగిలిన వైపు ఒక రంగు, కింద వైపు ఒక రంగు వస్తుంది. ఆరాక కాగితంలో చుట్టి పెట్టుకుని నెలలోపు వాడేయాలి. ఎక్కువ రోజులుంటే పాల జిడ్డుకి పురుగూ బొద్దింకా చేరతాయి.

రెండోది కసిమి. తుప్పు ఇనుము, బెల్లం, తాటిబెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు వారాలు పులియబెడితే ఇంట్లో మనుషులు ఉండలేరు, అది ఒప్పుకోవాల్సిందే. అయినా ఏడాదికి అర లీటరు మించి వాడని మీకు సొంతంగా పులియబెట్టుకోవాల్సిన అవసరమేముంది? శ్రీకాళహస్తి మీకు నలభై కిలోమీటర్ల లోపే. కలంకారీ వేసే ఇళ్లలో అడిగి ఒక సీసా తెచ్చుకుంటే సగం గొడవ ఇంటి బయటే ఆగిపోతుంది. నేనే చేసుకుంటాను, అందులోనే నాకు సంతోషం అంటారా, అదీ న్యాయమే. అప్పుడు మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో కుండగానీ ప్లాస్టిక్ బకెట్‌గానీ పెట్టండి. రెండు లీటర్ల నీళ్లకి అర కిలో తుప్పు మేకులు, చెరకు బెల్లం 100 గ్రాములు, తాటిబెల్లం 100 గ్రాములు. మేకుల్ని ముందు నిప్పుల్లో కాల్చి నూనె, పెయింటు పోగొట్టాలి. తెల్లగా మెరిసే జింకు పూత మేకులు వద్దు, స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పే పట్టదు కాబట్టి అదీ వద్దు. మూత బిగించకుండా గుడ్డ కట్టండి, లోపల గ్యాస్ పుడుతుంది. కింద ఫ్లాట్లవాళ్లకి ముందే ఒక మాట చెప్పి పెట్టండి.

ఇప్పుడు ఆ రాత్రి పదకొండు గంటల పని. ఇది మీ నిద్రనీ చెడగొడుతోంది, గీతనీ చెడగొడుతోంది. ఎలాగో చూడండి. కరక్కాయ పట్టిన గుడ్డ మీద కసిమి పడగానే నల్లగా రాదు. మొదట బూడిదరంగులో, ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. గాలి తగిలేకొద్దీ నిమిషాల్లో చిక్కబడి కాటుక నలుపుకి తిరుగుతుంది. ఈ పనిలో ఉన్న సంతోషాల్లో మొదటిదిదే. కళ్లముందే రంగు పుట్టుకొస్తుంటే చూడ్డానికి ఎన్నేళ్లైనా విసుగు రాదు. కానీ అర్ధరాత్రి ట్యూబ్‌లైటు కింద, ఎవరైనా లేస్తారేమోనన్న తొందరలో, గీత పలచగా పడిందనుకుని దాని మీదే మళ్లీ గీస్తారు. రెండోసారి పడిన కసిమి పీల్చుకునే చోటు లేక పక్కలకి పాకుతుంది. మీ గీత పాకడానికి ఇదొక కారణమని నాకు గట్టిగా అనిపిస్తోంది. మంజిష్ఠలో ఉడికించాక ఎర్రగా తేలే పటిక గీత సంగతి ఇంకా కష్టం. గీసేటప్పుడు దానికి రంగే ఉండదు, పగటి వెలుతురులో తడి మెరుపు చూసుకుంటూ గియ్యాల్సిందే.

మిగతా కారణాలు కూడా ఒకసారి చూసుకోండి. వెన్న తీసిన ప్యాకెట్ పాలు వాడుతున్నారా? గీత పాకకుండా ఆపేది పాలలోని కొవ్వే, అందుకే గేదె పాలు. గాడా గుడ్డలో, అంటే ఈ పనికి వాడే ముతక నూలు గుడ్డలో, గంజి పూర్తిగా పోయిందా? రాత్రంతా నానబెట్టి, వాషింగ్ సోడా వేసి ఉడికించి, నీళ్లు చుక్క వెయ్యగానే పీల్చుకునేదాకా ఉతకాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు, గాల్లో తేమ. ఆ నెలల్లో గీసేముందు గుడ్డని ఎండలో అరగంట వెయ్యండి, ఎండ లేకపోతే ఇస్త్రీ చెయ్యండి. ఇక కలం. వెదురు పుల్ల మొనకి రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉన్ని గుడ్డ చుట్టి దారం బిగిస్తారు కదా, ఆ ఉన్ని మొనకి మరీ దగ్గరగా ఉంటే కసిమి ఆగకుండా జారిపోతుంది. ముంచాక అంచుకి ఒక్కసారి ఒత్తి, చెత్త గుడ్డ మీద రెండు గీతలు గీసి, ఆ తర్వాతే బొమ్మ మీదికి రండి. ఉన్నిని వేళ్లతో నొక్కే ఒత్తిడితోనే గీత సన్నమో లావో తేలుతుంది. మణికట్టుని బలవంతపెట్టొద్దు.

కాబట్టి టైమింగ్ మార్చండి. ఇంటిపని ఒక కొలిక్కి వచ్చాక పది నుంచి పన్నెండున్నర దాకా, వారానికి నాలుగు రోజులు, హాల్లో కిటికీ పక్కన, అందరికీ కనబడేలా కూర్చోండి. మీ అత్తగారు వచ్చి తొంగి చూస్తే చూడనివ్వండి. కరక్కాయ ఆవిడకి కొత్తేం కాదు, దగ్గుకి బుగ్గన పెట్టుకున్న తరం. కాయ మంచిదో పుచ్చుదో మీకంటే ఆవిడకే బాగా తెలుస్తుంది, అడిగి చూడండి. ఆవిడ పలకకపోయినా నష్టమేం లేదు, మీ పని మీరు చేసుకోండి.

డబ్బు విషయంలో మాత్రం మీరు చేస్తున్నది నాకు నచ్చలేదు. ఖర్చు తక్కువే కావచ్చు, కానీ సరుకుల చీటీలో దాచిపెడితే అది మీ చేతిలో ఉన్న కలంకారీని దొంగపనిగా మార్చేస్తుంది. ఒకనాడు మీ ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, ఇప్పటిదాకా ఎంతైందో ఉరమరగా లెక్కగట్టి ఒక్కసారే చెప్పేయండి. ఇకమీదట నెలకి ఇంత అని ఒక మొత్తం తేల్చుకోండి. మీలా చిన్న స్థాయిలో వేసేవాళ్లకి ఆరేడు వందలు సరిపోతాయి. ఆ మొత్తం దాటితే వచ్చే నెల దాకా ఆగండి.

ఇక "రూపాయి వస్తుందా" అన్నదానికి జవాబు: రాదు. ఆ మాటే చెప్పండి. "ఇది సంపాదనకి కాదండీ, నాకిష్టమై చేసుకుంటున్నాను, ఖర్చు ఇంతకి మించదు, ఇంటిపని ఆగదు" అనండి. త్వరలో అమ్ముతానని మాత్రం ఆశ పెట్టొద్దు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. జొన్నలగడ్డ గురప్పచెట్టిగారు ఆ పనికే 2008లో పద్మశ్రీ అందుకున్నారు. తరాల తరబడి అదే బతుకుగా చేస్తున్న ఇళ్లున్నాయి. వాళ్ల అంగళ్ల పక్కన మన ఏడాది పనిని పెట్టి రూపాయి అడగాల్సిన ఖర్మ మనకెందుకు? పైగా అమ్మకం మొదలైందంటే ఎవరికో కావాల్సిన నెమలిని వాళ్లకి కావాల్సిన రోజుకి వెయ్యాలి. మీకు టైము తెలీకుండా పోయే ఆ రెండు గంటలు అక్కడితో సరి. పిల్లలిద్దరూ బయటికెళ్లాక మీ ఆయనకి ఇల్లు ఖాళీగా ఉండి ఉండొచ్చు, మీకు మాత్రం చేతికి పని దొరికింది. ఆ విసుగు కూడా రూపాయి మాటలో కలిసి వస్తోందేమో ఆలోచించండి. సాయంత్రాలు కలం ముట్టుకోకుండా ఆయనతో కూర్చుంటే తెలుస్తుంది.

ఆడబిడ్డ అడిగిన చీర ఒప్పుకోవద్దు. మొహమాటం పక్కన పెట్టి లెక్క చూడండి. అయిదున్నర మీటర్లు ఒకే రంగులో పాలు పట్టాలి, నలుపు గీసి ఆరబెట్టాలి, పటిక గీసి కనీసం ఒక రోజంతా ఆగాలి, పారే నీళ్లలో పరిచి ఉతకాలి. బకెట్లో కుక్కితే విడిచిన పటిక తెల్లచోట్లకి అంటుకుని, ఉడికించాక అక్కడంతా ఎర్ర మరకలు తేలతాయి. ఉడికించేటప్పుడు చీర మొత్తం అటూఇటూ కదులుతూ ఉండాలి, అంత పాత్ర మీ ఇంట్లో లేదు. ఆ తర్వాత పసుపు, నీలం, ప్రతిదానికీ మళ్లీ ఉతుకు. పైగా మాఘం పెళ్లంటే మీరు పని చెయ్యాల్సింది సరిగ్గా వానల్లో. పెళ్లి చీర పాడైతే మాట పడేది మీరే. "వదినా, చీర నా వల్ల కాదు, నాకింకా అంత చెయ్యి తిరగలేదు. పిల్లకి నా చేత్తో జాకెట్టు గుడ్డ వేసిస్తాను" అనండి. మీటరు గుడ్డ, వీపున ఒక నెమలి, చేతులకి సన్న అంచు, నలుపూ ఎరుపూ రెండే రంగులు. సెప్టెంబరు ఎండల్లోనే పాల పని ముగించేస్తే తీరిగ్గా అయిపోతుంది. చీరే కావాలంటే శ్రీకాళహస్తికి మీరే తోడెళ్లి చూపించండి. ఏది చేత్తో గీసిందో ఏది అచ్చు వేసిందో చెప్పగలిగే కన్ను ఈపాటికి మీకు వచ్చే ఉంటుంది.

బీరువాలో ఉన్నవి ఇవాళే బయటికి తియ్యండి. అందులో నల్ల గీత పూర్తయి ఆగిపోయినవి ఉంటే వాటిని సగంలో వదిలేసినట్టు చూడొద్దు. పలచని పసుపు మీద నలుపు ఒక్కటే ఉన్నా బాగుంటుంది, బాగా ఉతికి అంచులు కుట్టేస్తే గోడకి తగిలించొచ్చు. కసిమి మరీ చిక్కగా పడ్డచోట గుడ్డని వేళ్లతో లాగి చూడండి. ఇనుము ఎక్కువైతే నూలు పెళుసెక్కి అక్కడే చిరుగుతుంది, అలాంటివి కలం పరీక్షకి చెత్త గుడ్డలుగా పనికొస్తాయి. పటిక గీసి ఎరుపు మట్టిరంగులో తేలినవుంటే ఎక్కడో ఇనుము కలిసిందని అర్థం, కసిమి కలాన్నే పటికలో ముంచి ఉంటారు. రెండింటికీ కలాలు, గిన్నెలు వేరు చేసి, లీటరు నీళ్లకి 100 గ్రాముల లెక్కన పటిక కొత్తగా కలుపుకోండి.

బాత్రూం గచ్చు మీద పడ్డ కసిమి మరకకి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లు పోసి పది నిమిషాలాగి తోమితే పోతుంది. కలాలు కడిగిన నీళ్లు మాత్రం తులసి కుండీలో పొయ్యొద్దు, దాంతో ఇంకో గొడవ మొదలవుతుంది.