ఆఫీసు హాకీ పూల్‌లో ఇరవై డాలర్లు: ఎవరిని రాయాలి?

సందేహం: అన్నగారూ, నమస్తే. జనవరిలో కెనడాలో టొరంటో పక్కనున్న మిసిసాగా వచ్చాను. ఈ శనివారం (2025 ఏప్రిల్ 19) నుంచి ఐస్ హాకీ ప్లేఆఫ్స్ అట, ఆఫీసులో పూల్ పెట్టారు, ఎవరు గెలుస్తారో ముందే షీటు మీద రాసే పందెం. మనిషికి ఇరవై డాలర్లు. నాకు ఆ ఆటలో ఓనమాలు కూడా తెలీవు. లంచ్‌లో అందరూ అదే మాట్లాడుకుంటుంటే నేను ఫోన్ చూసుకుంటూ కూర్చుంటున్నాను. చేరమంటారా? చేరితే ఎవరిని రాయాలి? అలాగే సెకండ్ హ్యాండ్ కారు కొంటే ఇన్సూరెన్స్ ఎంత పడుతుందో కూడా చెప్పగలరు.

జవాబు: తమ్ముడూ, చేరు. ఇరవై డాలర్లంటే ఈ రోజు రేటుకి పన్నెండు వందల రూపాయల పైమాటే. ఆ లెక్క నువ్వు ఎప్పుడో వేసుకుని ఉంటావు. కొత్తలో కాఫీ తాగినా రూపాయల్లోకి మార్చుకుని గుటకలు మింగుతాం. ఆ అలవాటు మానుకోమని నీకు చాలామంది చెబుతారు. నేను మాత్రం చెప్పను. 2012లో రెండు సూట్‌కేసులతో దిగినవాణ్ణి ఇవాళ సొంతింట్లో కూర్చుని నీకు జవాబు రాస్తున్నానంటే సగం ఆ అలవాటు పుణ్యమే. కానీ ఈ ఇరవై మాత్రం పెట్టు. ఇరవై ఒకటో డాలరు దగ్గర ఆగిపో. ఆట గురించి నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆట సంగతి. ఈ లీగ్ పేరు ఎన్‌హెచ్‌ఎల్. లీగ్‌లో 32 టీములు, రెగ్యులర్ సీజన్‌లో ఒక్కొక్కటి 82 ఆటలు ఆడాక 16 మిగులుతాయి. నాలుగు రౌండ్లు, ఆఖరిది గెలిస్తే స్టాన్లీ కప్పు. మన ఐపీఎల్ ప్లేఆఫ్స్‌లా ఒక్క రాత్రితో తేలిపోదు. ప్రతి రౌండ్‌లోనూ ఒకే టీమ్‌తో ఆడే ఏడింట్లో నాలుగు గెలవాలి, దాన్నే సిరీస్ అంటారు. స్కోర్లు సమమైతే షూటవుట్ ఉండదు, ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా ఇరవై నిమిషాల చొప్పున ఆడుతూనే ఉంటారు. పశ్చిమాన జరిగే ఆటలు మనకు రాత్రి పదింటికి మొదలవుతాయి, తెల్లారి ఆఫీసు ఉంటే వాటి జోలికి పోకు. మిగతా రూల్స్ ఎక్కడైనా దొరుకుతాయి, చూసుకో.

నా మొదటి ప్లేఆఫ్స్ 2013వి. టొరంటో మేపుల్ లీఫ్స్ 2004 తర్వాత మళ్ళీ అప్పుడే ప్లేఆఫ్స్‌కి వచ్చారు. ఊరంతా నీలం జెండాలు. బోస్టన్‌తో ఏడో ఆట, సోమవారం రాత్రి. ఆఫీసువాళ్ళు స్క్వేర్ వన్ మాల్ దగ్గర ఒక బార్‌కి లాక్కెళ్ళారు. మూడో, అంటే ఆఖరి, పీరియడ్‌లో లీఫ్స్ 4-1తో ముందున్నారు. పావుగంట కూడా మిగల్లేదు. నాకు ఆట తెలియకపోయినా లెక్కలు తెలుసు కదా, మూడు గోల్స్ తేడా ఎక్కడికి పోతుంది? పక్కన కూర్చున్న బోస్టన్ అభిమాని ఒకతను ఇంకా గెలుస్తామనే అంటుంటే, వాళ్ళు గెలిస్తే ఈ టేబుల్ బిల్లు మొత్తం నాదే అన్నాను. అంతా చప్పట్లు కొట్టారు. అందులో ఇద్దరు వెంటనే ఇంకో ప్లేటు చికెన్ వింగ్స్ ఆర్డర్ చేశారు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

బోస్టన్ ఒకటి కొట్టింది. ఇంకో నిమిషంన్నర కూడా లేదనగా రెండోది, ఆ వెంటనే మూడోది. నాలుగు నాలుగు. ఓవర్‌టైమ్‌లో అయిదోది. బార్‌లో ఎవరూ మాట్లాడలేదు, ఒక్క నా టేబుల్ దగ్గర తప్ప. వాళ్ళకు ఓడిన బాధ సగం నా మొహం చూసేసరికి తగ్గిపోయింది. నల్లటి రెక్సిన్ ఫోల్డర్‌లో బిల్లు వచ్చింది. దాని మీద పదమూడు శాతం అమ్మకం పన్ను, హెచ్‌ఎస్‌టీ. ఆ పైన కార్డు మెషిన్ టిప్ ఎంత అని అడిగింది: 15, 18, 20. మూడు గడులు, ఏదో ఒకటి నొక్కాలి. ‘వేరే మొత్తం’ అనే నాలుగో గడి తెర అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుందని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజు 18 నొక్కి, అప్పుడు డాలరు యాభై రూపాయల పైచిలుకే కదా అని సర్దిచెప్పుకుంటూ బస్సెక్కాను. ఆ నెల ఇంటికి పంపే డబ్బులో కోత పడింది. నాన్నగారికి రేటు బాలేదని చెప్పాను.

2019 నాటికి నేను ఆరితేరిపోయాననుకున్నాను. అంకెలు చూసి రాసేవాడిదే పూల్ అని నా థియరీ. ఆ ఏడాది టాంపా బే 62 ఆటలు గెలిచింది, రికార్డుతో సమానం. మొదటి రౌండ్ కొలంబస్‌తో. ఆ కొలంబస్ అప్పటిదాకా ఒక్క సిరీస్ కూడా గెలిచి ఎరగదు. ఒక షీటు చాలదని ఒకటికి మూడు షీట్లు తీసుకున్నాను. మూడింట్లోనూ కప్పు టాంపాకే. మొదటి ఆటలో టాంపా 3-0తో ఉన్నప్పుడు మా ఆవిడకు ఫోన్ చేసి ఈసారి పట్టుచీర ఖాయం అన్నాను. ఆ ఆట 4-3తో ఓడారు. తర్వాత మూడూ ఓడారు. ఒక్క ఆటా గెలవకుండా ఇంటికి. కప్పు సెయింట్ లూయిస్‌కి వెళ్ళింది. జనవరి మొదట్లో లీగ్ మొత్తంలో అట్టడుగున ఉన్న టీమ్ అది. మా పూల్ గెలిచింది పేరోల్ చూసే ఆవిడ. సెయింట్ లూయిస్ ఎందుకు రాశారని అడిగితే, వాళ్ళమ్మాయి అక్కడ చదువుతోందట!

2023లో బోస్టన్ ఇంకా ఘోరం. 65 గెలుపులు, 135 పాయింట్లు, ఎవరికీ లేని రికార్డు. అత్తెసరు పాయింట్లతో లోపలికొచ్చిన ఫ్లోరిడా మీద 3-1తో ముందుండి కూడా సిరీస్ పోగొట్టుకుంది. ఈసారి నేను బోస్టన్‌ని రాయలేదు. రాసినవాళ్ళ మొహాలు చూస్తూ లంచ్ చేశాను, బాగా అరిగింది. రెగ్యులర్ సీజన్‌లో ఫస్ట్ వచ్చిన టీమ్ కప్పు కూడా కొట్టడం 2013లో షికాగో తర్వాత మళ్ళీ జరగలేదు. కాబట్టి నీ షీట్‌లో కప్పు గడిలో విన్నిపెగ్ అని రాయకు, ఈసారి ఫస్ట్ 116 పాయింట్లతో వాళ్ళే. వాళ్ళ గోల్‌కీపర్ హెల్లెబక్ ఎంత గొప్పవాడైనా, పోయినేడాది కొలరాడో వాళ్ళ మీద ప్రతి ఆటలోనూ అయిదుకు తక్కువ కాకుండా గోల్స్ కొట్టి అయిదాటల్లో పంపించేసింది. ఈసారి ఎదురుగా ఉన్న సెయింట్ లూయిస్ మార్చి, ఏప్రిల్‌లలో వరుసగా పన్నెండు గెలిచి వస్తోంది. సెయింట్ లూయిస్, ఏడు ఆటల్లో. ఆఫీసులో నవ్వుతారు, నవ్వనీ.

ఇప్పుడు ఎవరూ రాయని సంగతి ఒకటి చెబుతాను. టీమ్ జీతాల మొత్తానికి లీగ్ గీత గీసింది, ఈ ఏడాది 88 మిలియన్ డాలర్లు. అందరికీ ఒకే గీత, కానీ పన్ను ఒకటి కాదు. ఫ్లోరిడా, టెక్సాస్, నెవాడాలలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, టాంపా, ఫ్లోరిడా, డాలస్, వేగస్ టీములు అక్కడివే. ఇక్కడ ఒంటారియోలో పైశ్లాబు 53 శాతం దాటుతుంది. పది మిలియన్లకు సంతకం పెట్టినవాడు ఇక్కడ ఇంటికి తీసుకెళ్ళేది వేరు, టాంపాలో తీసుకెళ్ళేది వేరు. అందుకే అక్కడ కాస్త తక్కువకు ఒప్పుకుంటారు, మిగిలిన సొమ్ముతో టీమ్ ఇంకొకణ్ణి కొంటుంది. ఇదంతా సాకు అనేవాళ్ళూ ఉన్నారు. నాష్‌విల్, సియాటిల్‌లలో కూడా ఆ పన్ను లేదు, రెండూ ఈసారి ప్లేఆఫ్స్‌కే రాలేదు కదా అంటారు. అనుకోనీ. 2020, 2021 టాంపా, 2023 వేగస్, 2024 ఫ్లోరిడా. గత అయిదు కప్పుల్లో నాలుగు అటే. మా బావమరిది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాడు. మన తెలుగువాళ్ళతో కిటకిటలాడే ఆ ఊళ్ళోనే డాలస్ స్టార్స్ ప్రాక్టీసు కూడా. వాడికి హాకీ తెలీదు, పే స్లిప్ మాత్రం తెలుసు. ఏటా ఏప్రిల్‌లో నేను ట్యాక్స్ ఫైల్ చేసే వారం చూసుకుని మరీ ఫోన్ చేస్తాడు. ఇంకో విడ్డూరం: ఈ ఆటగాళ్ళ జీతం రెగ్యులర్ సీజన్‌తోనే అయిపోతుంది. ప్లేఆఫ్స్‌లో పళ్ళు రాలగొట్టుకునేది లీగ్ ఇచ్చే బోనస్ కోసం, ఆ కప్పు కోసం.

సరే, షీటు దగ్గర పెట్టుకో. టాంపా, ఫ్లోరిడాల్లో ఫ్లోరిడా, ఏడు ఆటల్లో. ఇన్నేళ్ళూ బోస్టన్ జెర్సీలో లీఫ్స్‌ని ఏడిపించిన మార్చండ్‌ని మార్చిలో వాళ్ళే తెచ్చుకున్నారు. 2013 రాత్రి నా చేత బిల్లు కట్టించిన టీమ్‌లో వీడూ ఉన్నాడు, మర్చిపోలేదు. వాషింగ్టన్‌కి మాంట్రియల్ మీద గెలుపు, అయిదు ఆటల్లో. వాళ్ళ ఒవెచ్కిన్ ఈ నెల ఆరున 895వ గోల్‌తో గ్రెట్స్‌కీ పేరనున్న అత్యధిక గోల్స్ రికార్డు దాటేశాడు, ఆ ఊపు ఉంటుంది. న్యూజెర్సీకి స్టార్ ఆటగాడు జాక్ హ్యూస్ దెబ్బ తగిలి లేడు, కాబట్టి కరోలినా, అయిదు. వేగస్‌కి మిన్నెసోటా మీద ఆరు. ఎడ్మంటన్ గత మూడేళ్ళూ మొదటి రౌండ్‌లో లాస్ ఏంజెలెస్‌నే ఓడించింది. ఈసారి ఎడ్మంటన్ డిఫెండర్ ఎక్‌హోమ్ దెబ్బ తగిలి లేడు, సొంత రింక్ లాభం లాస్ ఏంజెలెస్‌ది, అయినా ఎడ్మంటన్, ఏడు. వాళ్ళ కెప్టెన్ మెక్‌డేవిడ్ ఉన్నవాళ్ళకి ఎదురు రాయడానికి నా చెయ్యి రాదు. పోయినేడాది ఫైనల్‌లో 0-3 నుంచి ఏడో ఆట దాకా లాక్కొచ్చాడు, ఓడిన టీమ్‌లో ఉండి కూడా ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి బహుమతి వాడికే ఇచ్చారు.

డాలస్, కొలరాడో సిరీస్ మీద పోట్లాటలు అవుతాయి. స్టార్ ఆటగాడు రాంటనెన్‌ని కొలరాడో జనవరిలో వేరే ఆటగాళ్ళ కోసం వదులుకుంది. వాడు కరోలినా మీదుగా తిరిగి తిరిగి మార్చిలో డాలస్ చేరాడు, ఇప్పుడు పాత టీమ్ మీదే ఆడాలి. కసి ఉంటుంది, నిజమే. కానీ డాలస్ ఆటగాళ్ళు హైస్కనెన్, రాబర్ట్‌సన్ ఇద్దరికీ దెబ్బలు. కొలరాడో, ఆరు. బావమరిదికి చెప్పకు.

ఇక మన లీఫ్స్. అటావాతో ఇంతకుముందు నాలుగుసార్లు తలపడి నాలుగూ గెలిచారు. ఇదీ గెలుస్తారు, ఆరు ఆటల్లో. రెండో రౌండ్‌లో ఫ్లోరిడా చేతిలో పోతారు. మనసు ఒప్పుకోకపోయినా అలాగే రాయి, ఎందుకంటే ఇది డబ్బు వ్యవహారం. మీ ఆఫీసులో సగం మంది లీఫ్స్‌కే కప్పు రాస్తారు. లీఫ్స్ ఆఖరుసారి కప్పు కొట్టిన 1967 నుంచీ రాస్తూనే ఉన్నారు. వాళ్ళతో పాటు నువ్వూ రాసి, పొరపాటున నిజమే అయినా, ఆ డబ్బు పదిమంది పంచుకోవాలి. అందరూ రాసేది రాస్తే నీ ఇరవై నీకు తిరిగొస్తే గొప్ప. తర్వాత తూర్పు విభాగంలో కరోలినా, ఫ్లోరిడాల్లో ఫ్లోరిడా. పశ్చిమ విభాగంలో వేగస్ మీద కొలరాడో. కప్పు కొలరాడోకి, ఆరు ఆటల్లో. కొలరాడోలో పన్ను ఉంది కదా అంటావు. నాలుగు శాతం పైన కాస్త. అదీ ఒక పన్నేనా?

కెనడా టీమ్ కప్పు కొట్టి 1993కి ఇప్పటికి ముప్ఫై రెండేళ్ళు, అది మాంట్రియల్. ఈసారి అయిదు కెనడా టీములున్నాయి. లంచ్‌లో ఎవరైనా కదిపితే ‘ఎడ్మంటన్‌కి ఈసారైనా రాసిపెట్టి ఉందేమో’ అను, మిగతాదంతా వాళ్ళే మాట్లాడతారు.

అసలు భయం పూల్ కాదు, ఫోన్. ఒంటారియోలో 2022 ఏప్రిల్ నుంచి ప్రైవేటు బెట్టింగ్ యాప్‌లు చట్టబద్ధం. పందొమ్మిదేళ్ళు నిండితే చాలు. ఆట చూస్తుంటే పీరియడ్ పీరియడ్‌కీ వాటి యాడ్లే.  మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న కాలేజీ కుర్రాడు ఊళ్ళో ఐపీఎల్ పందేలు చూసి పెరిగినవాడు, ఇదంతా తనకు అలవాటేనన్నాడు. రెండు నెలలకు అద్దె దగ్గర నసిగాడు, ఆ తర్వాత సెమిస్టర్ ఫీజు దగ్గర దొరికిపోయాడు. వాళ్ళమ్మ గుంటూరు నుంచి నాకు ఫోన్ చేసింది. ఆవిడకు నేనేం చెప్పాలి? యాప్ దించుకోకు. దించుకుంటే కార్డు కలపకు.

టికెట్ కొనకు, ప్లేఆఫ్స్‌లో పైవరుస సీటు కూడా వందల డాలర్లు. పేరున్న జెర్సీ కొనకు. రెండు వందల పైచిలుకు పోసి నేను కొన్న పేరున్న జెర్సీ ఆటగాణ్ణి మరుసటి ఏడే వేరే టీమ్‌కి పంపేశారు. ఇప్పుడు అది వేసుకుని మంచు ఎత్తుతుంటాను. స్పోర్ట్స్ ఛానెల్ సబ్‌స్క్రిప్షన్ కూడా వద్దు. పల్చటి కాగితంలా ఉండే యాంటెన్నా ముప్ఫై నలభై డాలర్లకు దొరుకుతుంది. దాన్ని బాల్కనీ అద్దానికి, సీఎన్ టవర్ ఉన్న వైపు, సెలో టేపుతో అతికించు. సిగ్నల్ అక్కణ్ణుంచే వస్తుంది. సీబీసీ ఛానెల్‌లో ఆటలు ఉచితంగా వస్తాయి. ఓమ్నీ అనే ఛానెల్‌లో పంజాబీ కామెంటరీ కూడా ఉంటుంది, దాన్ని 2008లో సీబీసీ మొదలుపెట్టింది. నాకు పంజాబీ రాదు కానీ గోల్ పడినప్పుడు ఇంగ్లీషు కంటే అదే బాగుంటుంది.

కారు ఇన్సూరెన్స్ అడిగావు. ఏడుపొస్తుంది, అదొక్కటీ చెప్పగలను. మే నెల దాకా బస్సులో తిరుగు.

శనివారం సాయంత్రం మన టైమ్ ఆరింటికి విన్నిపెగ్‌లో మొదటి ఆట, అంతకు ముందే షీటు ఇచ్చెయ్యి. డబ్బు ఇ-ట్రాన్స్‌ఫర్ (ఈమెయిల్ చిరునామాకు బ్యాంకు నుంచి పంపడం) చేస్తే పూల్ నడిపే మనిషి ఈమెయిల్ ఒకటికి రెండుసార్లు సరిచూసుకో, తప్పు చిరునామాకు పోయిన డబ్బు మళ్ళీ రాదనుకో. అడుగున టై బ్రేకర్ గడి ఉంటుంది, చివరి ఆటలో రెండు టీములవీ కలిపి ఎన్ని గోల్సని. అయిదు అని రాయి.