ఉత్తర ఐర్లాండ్ పోలీసు నియామకాల్లో సగం కేథలిక్కులకే ఎందుకిచ్చారు?

తమవాళ్లు దాదాపు లేని పోలీసు శాఖను కేథలిక్కులు నమ్మరు, ఆ నమ్మకం లేకుండా కేథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల మధ్య దశాబ్దాల హింసను ఆపడానికి కుదిరిన 1998 శాంతి ఒప్పందం వీధుల్లో అమలు కాదు కాబట్టి. జనాభాలో 40 శాతానికి పైగా ఉన్నవాళ్లు పాత పోలీసు దళంలో సుమారు 8 శాతమే. ఇంట్లో దొంగతనం జరిగినా స్టేషన్‌కి వెళ్లడానికి జంకే పేటలుండేవి. వెళ్తే సొంతవాళ్లే అనుమానిస్తారన్న టెన్షన్ వేరు.

అందుకే 2001లో దళం పేరు, చిహ్నం మార్చి, కొత్త నియామకాల్లో సగం కేథలిక్కులకు, సగం మిగతావాళ్లకు కేటాయించారు. 2011లో ఈ పద్ధతి ఆపేసేనాటికి కేథలిక్కుల వాటా 30 శాతానికి దగ్గరైంది. ఉద్యోగాలొక్కటే కాదు, అజమాయిషీ కూడా పంచారు. పోలీసు బోర్డులో పార్టీల ప్రతినిధులు, స్వతంత్ర సభ్యులు కూర్చుంటారు. బ్రిటిష్ పాలనపై ఆయుధాలతో పోరాడిన, ప్రధానంగా కేథలిక్కుల సంస్థ ఐఆర్ఏతో ముడిపడిన షిన్ ఫేన్ పార్టీ చాలాకాలం దూరంగా ఉండి, 2007లో అందులో చేరింది. నా దృష్టిలో అసలు మలుపు అదే.

అర్హత లేనివాళ్లను తీసుకున్నారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పరీక్ష అందరికీ ఒక్కటే. నెగ్గినవాళ్ల జాబితా నుంచే చెరిసగం ఎంపిక చేశారు. అయితే నెగ్గినా చోటు దక్కని ప్రొటెస్టెంట్లు ఉన్నారు, వాళ్ల అసంతృప్తి మాత్రం నిజమే.